ప్రెసిడెంట్ లింకన్ నౌక

యుద్ధకాలంలో సైనికులను, సామగ్రిని సముద్రం దాటించే ఓడను రవాణా నౌక అంటారు. నీటి అడుగున దాగి సంచరించే నౌక జలాంతర్గామి. అది విడిచే టార్పెడో అనే ఆయుధం నీటిలోనే దూసుకువచ్చి ఓడను బద్దలు చేస్తుంది. అట్టి దెబ్బకు మునిగిన ఒక అమెరికా నౌకను గురించి తెలుసుకుందాం.

‘ప్రెసిడెంట్ లింకన్’ మొదట జర్మనీవారి ప్రయాణికుల ఓడ. 1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభం కాగా అది అమెరికా రేవులోనే నిలిచిపోయింది. 1917లో అమెరికా యుద్ధంలో ప్రవేశించి, దానిని స్వాధీనపరచుకొని తన నౌకాదళంలో చేర్చుకొంది. అయిదు ప్రయాణాలలో ఆ నౌక సుమారు 23,000 మంది సైనికులను ఫ్రాన్సుకు చేర్చింది.

1918 మే 31వ తేదీ ఉదయం అది ఫ్రాన్సు నుండి అమెరికాకు తిరిగి వస్తున్నది. వెంట వచ్చిన కాపలా నౌకలు ముందునాటి సాయంత్రమే వెనుదిరిగాయి. అప్పుడు ‘యు-90’ అనే జర్మనీ జలాంతర్గామి మూడు టార్పెడోలతో దానిని కొట్టింది. సుమారు ఇరవై నిమిషాలలో నౌక మునిగిపోయింది.

నౌకలో ఉన్నవారు 715 మంది. ఇరవై నిమిషాలు ఎంత స్వల్పకాలమో ఆలోచించండి! అయినా వారు తొక్కిసలాడుకోలేదు. కెప్టెన్ పెర్సీ ఫుట్ ఆజ్ఞ ప్రకారం పడవలలోకి, తెప్పలపైకి దిగారు. విడివిడిగా కొట్టుకుపోకుండా వాటిని ఒకదానికొకటి కట్టుకొన్నారు. ఆ రాత్రి రెండు అమెరికా యుద్ధనౌకలు వచ్చి వారిని రక్షించి, జూన్ 2న ఫ్రాన్సులోని బ్రెస్ట్ రేవుకు చేర్చాయి. 26 మంది మాత్రం తిరిగి రాలేదు. వారి ఇళ్లలో ఆ లోటు ఎన్నటికీ తీరనిది.

ఎడ్వర్డ్ ఐజాక్ అనే అధికారిని శత్రువులు బందీగా తమ జలాంతర్గామిలో తీసుకుపోయారు. అక్కడ చూచిన సంగతులను తనవారికి తెలుపాలని ఆయన నిశ్చయించుకొన్నాడు. ఒకసారి కదిలే రైలునుండి దూకి పట్టుబడ్డాడు. అయినా నిరాశపడక, అక్టోబరులో చెర నుండి తప్పించుకొని, రైన్ నదిని ఈది స్విట్జర్లాండు చేరాడు. అమెరికా ఆయనకు ‘మెడల్ ఆఫ్ ఆనర్’ అనే అత్యున్నత పతకం ఇచ్చింది.

ఆపద చెప్పి రాదు. వచ్చినప్పుడు నిబ్బరంగా ఉండి, ఒకరికొకరు తోడుగా నిలిచినవారే ఎక్కువమందిని కాపాడగలరు.

కఠిన పదాలు: స్వల్పం = కొద్ది; తెప్ప = నీటిపై తేలే బల్లకట్టు; చెర = ఖైదు; నిబ్బరం = ధైర్యం, నిలకడ.

ప్రశ్నలు:
1. పడవలను, తెప్పలను ఎందుకు కట్టుకొన్నారు?
2. మరణించినవారిని, బందీ అయిన అధికారిని తీసివేయగా ఎంతమంది బ్రెస్ట్ చేరారు?
3. మీ బడిలో అగ్నిప్రమాదం జరిగితే మీరు ఏ క్రమంలో బయటికి వస్తారు? అయిదు వాక్యాలలో వ్రాయండి.