బోధనకు ముందు సాధన

తరగతి గదిలో ఉపాధ్యాయుడు పాఠం చెప్పేది గంటసేపు. ఆ గంట వెనుక ఎన్నో గంటల అధ్యయనం ఉంటుంది. అది విద్యార్థి కంటికి కనిపించదు; పాఠం వింటున్నప్పుడు మాత్రం మనసుకు తెలుస్తుంది. పాఠ్యాంశం తెలిసి ఉండటం ఒక్కటే బోధనకు చాలదు. విషయాన్ని మూలం నుంచి గ్రహించడం, ఎదుట కూర్చున్నవారి భాషను ఎరగడం, తగిన సామగ్రిని సమకూర్చుకోవడం, తన పద్ధతిని తానే పరీక్షించుకోవడం - ఈ నాలుగూ కలిసినప్పుడే ఉపాధ్యాయుని సంసిద్ధత పరిపూర్ణమవుతుంది. గిడుగు వేంకట రామమూర్తి జీవితం ఇందుకు చక్కని నిదర్శనం.

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. పర్లాకిమిడి నేడు ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. చరిత్ర బోధిస్తున్న రోజులలో సమీపంలోని ముఖలింగ దేవాలయ శాసనాలు ఆయన దృష్టిని ఆకర్షించాయి. పుస్తకాలు తెప్పించుకొని, ప్రాచీన లిపులను స్వయంకృషితో నేర్చుకొని ఆ శాసనాలను చదివారు. రాజుల పేర్లు, పాలనాకాలాలు వల్లె వేయించడానికి అంత శ్రమ అక్కరలేదు. కాని ఆధారాన్ని స్వయంగా పరిశీలించినవారి మాటకు ఉండే బలం వేరు. “ఈ సంగతి ఎలా తెలిసింది?” అని విద్యార్థి ప్రశ్నిస్తే తడబడకుండా సమాధానం చెప్పగలగడం సంసిద్ధతలో మొదటి మెట్టు.

ఆ పరిసరాల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో దానికి జన్యసంబంధం లేదు. తమకు అర్థం కాని భాషలో చెప్పే చదువు ఆ పిల్లలకు ఉన్నా లేనట్టే. ఈ విషయం గ్రహించిన రామమూర్తి, తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక వ్యక్తిని తమ ఇంటనే ఉంచుకొని ఆ భాష నేర్చుకున్నారు. పిల్లలు తన భాష నేర్చుకొని రావాలని ఎదురుచూడక, తానే వారి భాషలోకి నడిచి వెళ్లారు. విద్యార్థి ఎక్కడ ఉన్నాడో తెలుసుకొని అక్కడి నుంచే పాఠం ప్రారంభించడం రెండవ మెట్టు.

నాడు సవర భాషకు లిపి లేదు; పాఠ్యపుస్తకాలు లేవు. ఆ లోటు తీర్చడానికి ఆయన సవరలో వాచకాలు రచించారు. సొంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చారు. ఆ కృషికి ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి పెట్టించవలసిందని కోరారు. అడవులలో తిరిగినందువల్ల ఆయనకు మలేరియా సోకింది. అందుకు వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నది. అయినా సాధన ఆగలేదు. సవర భాషా వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి.

1907లో పాఠశాలల పర్యవేక్షణకు వచ్చిన యేట్స్ అనే ఆంగ్లేయ అధికారికి ఒక సందేహం కలిగింది. ప్రజలు మాట్లాడే తెలుగుకూ, పుస్తకాలలోని తెలుగుకూ ఇంత అంతరమెందుకని ఆయన ప్రశ్న. అప్పటికి రామమూర్తికి 27 ఏళ్ల బోధనానుభవం ఉంది. ఆ అనుభవమే చాలునని ఆయన ఊరకుండలేదు. ఆ ప్రశ్నను లోతుగా పరిశోధించి, వాడుకభాషలోనే విద్యాబోధన జరగాలన్న నిశ్చయానికి వచ్చారు. గురజాడ అప్పారావు వంటివారితో కలిసి వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపారు. 1919లో ‘తెలుగు’ అనే పత్రికను స్థాపించారు. అనుభవజ్ఞుడు సైతం తన పద్ధతిని పునఃపరిశీలించుకోవాలని ఈ ఘట్టం బోధిస్తుంది.

1940 జనవరి 22న రామమూర్తి కన్నుమూశారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఉపాధ్యాయులందరూ నిఘంటువులు రచించనక్కరలేదు. కాని రేపటి పాఠాన్ని నేడే మరొకసారి చదవడం, కఠినమైన చోట విద్యార్థికి తెలిసిన ఉదాహరణను వెదకిపెట్టుకోవడం, తలెత్తగల ప్రశ్నలను ముందే ఊహించడం, పాఠం ముగిశాక ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో గుర్తించి మరునాటి బోధనను సవరించుకోవడం ఎవరికైనా సాధ్యమే. వెనుక వరుసలో మౌనంగా కూర్చున్న విద్యార్థి మౌనానికి కారణం అశ్రద్ధే కానక్కరలేదు. పాఠం అతని భాషలోకి ఇంకా చేరలేదేమో! ఆ సంగతి ఆలోచించి తరగతిలో అడుగుపెట్టే ఉపాధ్యాయుడే నిజంగా సంసిద్ధుడు.