ఉక్కునగరమునుండి ఊరికి: కోలుకొనుచున్న మనస్సుకు చేతిపని, ప్రయాణము

గాజువాక దాటి కొంతదూరము పోయినచో ఉక్కునగరపు చెట్లబాటలు కనబడును. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారమున పనిచేయువారి నివాసమిది. అచ్చట పని మూడు షిఫ్టులుగా సాగును. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చినవారు పగటివేళ తలుపులు మూసికొని నిద్రింతురు. వీరిలో పలువురు శ్రీకాకుళము, విజయనగరము, అనకాపల్లి జిల్లాల పల్లెలనుండి వచ్చినవారు. వారి జీతము ఊరికి చేరును. జబ్బు చేసినప్పుడు వారును ఊరికే చేరుదురు. అందుచేతనే నగరమున మొదలగు నొక చిక్కును గూర్చి గ్రామపాఠకులకు వ్రాయుచున్నాము.

మేమెరిగిన కార్మికుడొకడు పదేండ్లు త్రాగి, చికిత్స పొంది, అయిదు నెలలు చుక్క ముట్టకుండెను. అటుపిమ్మట గ్రామదేవత పండుగకు సొంత ఊరికి వచ్చెను. చుట్టములు ప్రేమతోనే గ్లాసు చేతికిచ్చి, "అమ్మోరి పండగరా, ఒక్కపాలికి ఏటయిపోద్ది?" అనిరి. వారము తిరుగకుండ అతడు మరల ఆసుపత్రిలో చేరవలసివచ్చెను. ఆ చుట్టములను మేము నిందింపము. వారికెవరును చెప్పియుండలేదు.

చెప్పవలసిన మొదటి సంగతి యిది. త్రాగుడుకు బానిసయగుట గుణలోపము కాదు, వ్యాధి. దిగులు జబ్బు, ఉన్మాదము, అకారణ భయము కూడ అట్టివే. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము మన దేశమున వయోజనులలో పదిమందికి ఒకరు ఏదో యొక మానసిక రుగ్మతతో బాధపడుచున్నారు; త్రాగుడు వ్యాధి కలవారిలో నూటికి ఎనుబదిమందికి పైగా చికిత్సయే అందుట లేదు. మన వాడుకలో ఔషధమును మందే, సారాయును మందే. ఆ రెండవ మందు మాన్పించుటకు మొదటి మందు అవసరమని మాత్రము మనకు తోచదు.

ఏండ్ల తరబడి దినమెల్ల త్రాగినవాడు ఒక్కసారిగా మానివేసినచో ఒకటి రెండు దినములలో చేతులు వణకుట, చెమటలు, మూర్ఛలు రావచ్చును. రెండు మూడు దినములకు మతి తప్పి, లేనివి కనబడవచ్చును. ఇది ప్రాణాపాయము. ఇంటిలో కట్టిపెట్టుటగాని భూతవైద్యుని పిలుచుటగాని చేయక వెంటనే ఆసుపత్రికి గొనిపోవలెను. విశాఖలో 1923లో వెలసిన ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధముగా చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కలదు.

ఆసుపత్రినుండి వచ్చిన పిమ్మటనే అసలు కష్టము. త్రాగువానికి సాయంకాలమును నింపునది సీసాయే. సీసా పోయిన పిదప ఆ మూడు నాలుగు గంటలు ఏమి చేయవలెను? దిగులుతో మంచము పట్టినవానికి దినమంతయు అట్టిదే. "మనసు బాగుపడిన తర్వాత పని చేసుకొందునులే" యని రోగి యనును. వైద్యులు చెప్పునది దీనికి తలక్రిందులు: ఉత్సాహము వచ్చువరకు వేచియుండక చిన్నపని మొదలిడవలెను, ఉత్సాహము దాని వెనుక నెమ్మదిగా వచ్చును.

ఎట్టి పని? అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున ఏటికొప్పాక అను ఊరు కలదు. అంకుడు కర్రను తరిణెపై త్రిప్పి, రంగు కలిపిన లక్కకడ్డీని దానిపై అదిమిపట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కర్రకు పట్టుకొనును. మొగలిరేకుతో రుద్దగానే మెరుగు వచ్చును. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించెను. చేయి, కన్ను, చెవి మూడును ఆ తిరుగుచున్న కర్రపైననే యుండవలెను. పాత దిగుళ్లు తలచుకొనుటకు అచట తీరిక లేదు. పైగా కూర్చున్న పూటలోనే ఒక వస్తువు చేతికి వచ్చును. నిద్రమత్తు కలిగించు మాత్రలు వాడువారు, చేతివణుకు తగ్గనివారు మాత్రము తరిణె జోలికి పోరాదు. వారికి బుట్టలల్లుట, ముగ్గులు, కూరగాయల మడి మేలు. ఏదియు రానివారు ప్రతిదినము నాలుగు పంక్తులు వ్రాసికొనవచ్చును: ఎన్ని గంటలు నిద్రించితిని, మనసెట్లున్నది, త్రాగవలెనను కోరిక ఎప్పుడు పుట్టినది అని. వైద్యునికి ఆ కాగితము ఎంతయో ఉపకరించును. విశాఖ న్యాయవాదియైన రావిశాస్త్రి 'అల్పజీవి' నవలలో ఒక పిరికివాని మనస్సును లోపలనుండి చూపెను. భయస్థుని గేలి చేయువారు దానిని చదువదగును.

ఇచ్చట ఒక హెచ్చరిక. రాత్రులు నిద్ర లేకున్నను అలసట తెలియక, మాట తరగక, అప్పుచేసి రంగులు, వాద్యములు కొనుచు దస్తాలకొలది వ్రాయుచున్నచో దానిని ప్రతిభ యని మురియరాదు. ఉన్మాదము మరల తలయెత్తుటకు అది సూచన కావచ్చును. తప్పిన నిద్రయే దానికి తొలిమెట్టు.

ప్రయాణము మాట. ఊరు మార్చినచో బుద్ధి మారునని త్రాగువానిని దూరపు చుట్టాలయింటికి పంపుట మనకు అలవాటు. వ్యాధి అతని వెంటనే పోవును. తెలిసిన మొగము లేనిచోట మరింత పెరుగును. 1935లో అమెరికాలో బిల్ విల్సన్ అను నతడు త్రాగుడు మానిన కొలది నెలలకే వ్యాపారపు పనిపై అక్రాన్ పట్టణమునకు పోయెను. పని చెడినది. హోటలులో ఒంటరితనము, ప్రక్కనే మద్యశాల. అతడు అటు పోక టెలిఫోను కడకు పోయి, తనవలెనే త్రాగుడుతో బాధపడు మరియొకనితో మాటలాడవలెనని పలువురిని అడిగెను. అట్లు పరిచయమైన వైద్యునితో కలిసి స్థాపించినదే నేడు దేశదేశముల వ్యాపించిన 'ఆల్కహాలిక్స్ అనానిమస్' సంఘము. కావున ప్రయాణము మంచిదే. తోడు లేని ప్రయాణము మంచిది కాదు.

మొదట పొరుగూరికి నడచి వచ్చినను చాలును. పిమ్మట కొత్తవలస మీదుగా సొరంగములు దాటుచు అరకుకు పోవు రైలు కలదు. ఆషాఢమున సింహాచలము చుట్టు సుమారు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణము కలదు. అయితే అది రాత్రియెల్ల నడక; ఉన్మాదవ్యాధి కలవారికి నిద్రలేమి కీడు. లిథియం మాత్రలు వాడువారు చెమటోడ్చి, నీరు త్రాగకున్నచో ఆ మందు రక్తమున పేరుకొని విషమగును. వాంతులు, తూలుట, వణుకు కనబడినచో వెంటనే వైద్యుని చూడవలెను. మాత్రలను, వైద్యుని చీటీని పెట్టెలో గాక వెంటనుండు సంచిలో ఉంచవలెను.

వేరొక ప్రయాణము కూడ కలదు, దానిని తలచుటకే మనసొప్పదు. నయమగునని రోగిని పుణ్యస్థలమునకు గొనిపోయి అచ్చటనే విడిచివచ్చుట. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో అట్లు గొలుసులతో కట్టబడియున్నవారిలో 28 మంది అగ్నికి ఆహుతియైరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మానసిక రోగిని గొలుసులతో బంధించుటను నిషేధించినది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషిద్ధమైనది. దుకాణమును మూయించుట ఊరి వలన అయినది. అప్పటికే బానిసయైనవానిని నిలబెట్టుట కూడ ఊరి వలన కావలసినదే. సలహా కావలసినవారు 14416 సంఖ్యకు ఫోను చేసినచో రేయింబవళ్లు తెలుగులోనే ఉచితముగా మాటలాడుదురు. మత్తుపదార్థముల విషయమై 14446 కలదు.

మేము చెప్పిన కార్మికుడు రెండవమారు చికిత్స ముగిసిన పిమ్మట చిన్ననాడు విడిచిన తప్పెటగుళ్లు మరల రొమ్మున కట్టెను. సెలవు దినములలో బావ వచ్చి వెంటబెట్టుకొని సాధనకు తీసికొనిపోవుచుండెను. త్రాగి వచ్చినవానిని ఆ బృందము వలయములోనికి రానీయదు. అడుగు తప్పినచో పదునైదుగురి అడుగును తప్పును గదా. మరుసటి పండుగకు ముందు బావ ఇంటింటికి పోయి, "మావోడికి మందు పొయ్యకండి, మజ్జిగియ్యండి" అని చెప్పివచ్చెను. కొందరు నవ్విరి, కాని మజ్జిగయే యిచ్చిరి. అతడు ఆ రాత్రి రెండుగంటలసేపు ఆడి, మాత్ర వేసికొని నిద్రించి, మరునాడు ఉదయపు బస్సులో ఉక్కునగరమునకు వెడలిపోయెను. ఆనాడు అతనికి మధ్యాహ్నపు షిఫ్టు.