మామిడి వర్తకుని చేతి ఫోను

నూజివీడు చిన్న రసాలకు పేరు నేటిది కాదు. తోట చెంత గంపలతో కూర్చుండి అమ్ముకొను చిన్న వర్తకుడు నేడు ఫోనులో ఫొటోలు పంపి, దూరపు పట్టణములలో సైతము గిరాకీ సంపాదించుకొనుచున్నాడు. అయితే కొనువాడు పండును చేత పట్టి, వాసన చూచి ఏరుకొనలేడు. వర్తకుని మాటను నమ్మియే డబ్బు పంపును. కావున ఫొటోతోపాటు రకము, కాయ కోసిన తేది, మాగవేసిన విధము వ్రాయవలెను. కార్బైడుతో మాగవేయుట నిషిద్ధము. అందు ఆర్సెనిక్, భాస్వరము జాడలుండును. ఇథిలీను వాయువును పది లక్షల పాళ్లకు 100 పాళ్లు మించకుండ వాడవచ్చును. వరిగడ్డిలో మాగవేసినచో ఆ మాటయే వ్రాసిన చాలును.

ఇక డబ్బు సంగతి. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతిలో పిన్ అను రహస్యసంఖ్య డబ్బు పంపుటకే గాని పుచ్చుకొనుటకు అక్కరలేదు. “బయానా పంపుచున్నాము, పిన్ నొక్కుడు” అనువాడు మోసగాడే. చదువుకొన్నవారును ఇందు పడుచున్నారు. మోసపోయినచో తక్షణమే 1930కి ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది సొమ్ము పలు ఖాతాలు మారిపోవును. కోతలకు ముందే ఈ సంఖ్యను పంచాయతీ కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలసినదిగా సభ్యులను మేము కోరుచున్నాము.