ఇంటి తలుపు, తుపాకి, క్రైస్తవ మనస్సాక్షి
కొత్త రాష్ట్రానికి మారే కుటుంబాలకు ఒక పాఠం



రామాపురం వంటి మన ఊళ్ళనుండి, తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల విచారణలనుండి అమెరికా వెళ్ళి స్థిరపడిన బిడ్డలు ఇప్పుడు ఎందరో ఉన్నారు. అక్కడ ఉద్యోగం మారితే తరచు రాష్ట్రమే మారవలసి వస్తుంది. న్యూజెర్సీలో కాపురమున్నవారు టెక్సాసుకో, కాన్సస్‌కో సామాను సర్దుకుంటారు. ఇంటి అద్దె ఎంత, పిల్లల బడి ఎలాంటిది, ఆదివారం పూజకు ఎంత దూరం వెళ్ళాలి అని ముందుగా విచారిస్తారు. ఈ రోజుల్లో వాటితోపాటు ఇంకొక ప్రశ్న కూడా వస్తున్నది: "అక్కడ ఇంటింటా తుపాకులు ఉంటాయట. మేము కూడా ఒకటి కొనుక్కోవాలా?" బిడ్డలు ఫోనులో ఈ మాట అడిగిన రాత్రి ఇక్కడి తల్లిదండ్రులకు నిద్ర పట్టదు.

ఈ ప్రశ్నకు చట్టం ఒక జవాబు చెబుతుంది, ఇరుగుపొరుగు ఒకటి చెబుతారు, మన భయం మరొకటి చెబుతుంది. క్రైస్తవులమైన మనకు మనస్సాక్షి అనేది ఒకటి ఉంది. దానికి వెలుగునిచ్చే శ్రీసభ బోధ ఉంది. ఆ వెలుగులో ఈ విషయాన్ని క్రమంగా పరిశీలిద్దాం.

1. రాష్ట్రానికొక చట్టం, ఊరికొక అలవాటు

మన దేశంలో తుపాకి కలిగి ఉండటం హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి, తుపాకి ఎందుకు అవసరమో కారణం చూపాలి, పోలీసు విచారణ జరగాలి. 2019లో చేసిన సవరణ ప్రకారం సాధారణంగా ఒక వ్యక్తి రెండింటికి మించి ఉంచుకోరాదు. ఎన్నికలు వస్తే లైసెన్సు ఉన్న తుపాకిని కూడా పోలీసు స్టేషనులో అప్పగించమంటారు. అందుచేత మన ఊళ్ళల్లో తుపాకి అంటే పోలీసు భుజాన, బ్యాంకు గుమ్మం దగ్గర కాపలాదారు చేతిలో కనిపించే వస్తువు మాత్రమే.

అమెరికాలో పరిస్థితి వేరు. 1791లో వారి రాజ్యాంగానికి చేర్చిన రెండవ సవరణ ఆయుధం కలిగి ఉండటాన్ని ప్రజల హక్కుగా పేర్కొన్నది. ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకి ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని 2008లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాని ఆ హక్కును వాడుకునే పద్ధతి రాష్ట్రానికొక విధంగా ఉంటుంది. న్యూజెర్సీలో తుపాకి కొనాలంటేనే ముందుగా పోలీసుల విచారణ జరిగి అనుమతి పత్రం రావాలి. కాన్సస్‌లో 2015 నుండి, టెక్సాసులో 2021 సెప్టెంబరు 1 నుండి, 21 ఏళ్ళు నిండి, చట్టం అనర్హులుగా చెప్పనివారు లైసెన్సు లేకుండానే చేతితుపాకిని వెంట తీసుకుపోవచ్చు. ఒకే దేశంలో రాష్ట్రం మారితే మనుషుల దృష్టి కూడా మారుతుంది. ఒకచోట తుపాకి పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. మరొకచోట కొత్తగా వచ్చిన పొరుగువానికి మంచి తుపాకుల దుకాణం ఎక్కడుందో స్నేహపూర్వకంగా చెబుతారు.

ఆ రెండవ రకం ఊరివారిని చూసి వీరు క్రూరులని మనం తీర్పు తీర్చరాదు. విశాలమైన పొలాల మధ్య ఒంటరి ఇల్లు, పోలీసులు రావడానికి చాలాసేపు పట్టే దూరం, జింకల వేటను తండ్రి కొడుకుకు నేర్పే ఆచారం ఉన్నచోట తుపాకి మన ఇళ్ళల్లోని కొడవలి, గునపం వంటి వస్తువే. మీ కారు దారిలో ఆగిపోతే మొదట వచ్చి సాయపడే మనిషి, ఆదివారం పూజలో మీ పక్కన మోకరించే మనిషి తుపాకి యజమాని కావచ్చు. వారిని గౌరవించడం మన ధర్మం. అయినా వారి ఇంట్లో ఉన్నది కాబట్టి మన ఇంట్లోనూ ఉండాలి అనుకోవడం గౌరవం కాదు, అనుకరణ మాత్రమే.

2. తుపాకి లేకపోయినా

మన దగ్గర తుపాకులు లేవు కాబట్టి మనం శాంతమూర్తులమని మురిసిపోవడానికి కూడా వీలు లేదు. తెనాలికి సమీపాన ఉన్న చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళిత సహోదరులను చంపినది గొడ్డళ్ళతో, ఇనుప కడ్డీలతో, కత్తులతో. కుల ద్వేషం చేతిలో ఉన్న పనిముట్టునే ఆయుధంగా మార్చుకున్నది. హత్య ముందుగా హృదయంలో పుడుతుందని ప్రభువు కొండమీది ప్రసంగంలో బోధించినది ఇందుకే.

అలాగని తుపాకి ఉన్నా లేకపోయినా ఒకటే అని కాదు. గొడ్డలి ఎత్తినవాడు ఎదుటి మనిషి దగ్గరకు పోవాలి, ఆ ముఖం చూడాలి. తుపాకి పట్టినవానికి ఆ దూరం అవసరం లేదు, ఆలోచించుకునే ఆ కొద్ది సమయం కూడా మిగలదు. కోపానికీ చావుకీ మధ్య దేవుడిచ్చిన ఎడాన్ని తుపాకి తగ్గిస్తుంది.

3. శ్రీసభ బోధ

ఆత్మరక్షణ పాపం కాదు. పునీత అగుస్తీను గారు ఒక సామాన్యుడు తన ప్రాణం కోసం మరొకరిని చంపడాన్ని సమ్మతించలేకపోయారు. ఎనిమిది శతాబ్దాల తరువాత పునీత తోమాసు అక్వినాసు గారు ఈ విషయాన్ని మరికొంత లోతుగా విడమరచారు. ఒక్క పనికి రెండు ఫలితాలు ఉండవచ్చు: నా ప్రాణం దక్కడం, దాడిచేసినవాడు చనిపోవడం. నేను ఉద్దేశించినది మొదటిదే అయి, అవసరానికి మించిన బలం వాడకపోతే ఆ పని ధర్మబద్ధమే. అవసరానికి మించి హింస చేస్తే మాత్రం అధర్మం. కథోలిక సత్యోపదేశం 2263 నుండి 2265 వరకు గల పేరాలలో ఈ బోధనే చేస్తున్నది. ఇతరుల ప్రాణాలకు బాధ్యులైనవారికి, అంటే బిడ్డలున్న తండ్రికి, ప్రజలను కాపాడే అధికారికి, రక్షించడం హక్కే కాక గురుతరమైన బాధ్యత కూడా కావచ్చునని చెబుతున్నది.

నిర్గమకాండము 22వ అధ్యాయంలో ఒక నియమం ఉంది. రాత్రివేళ కన్నం వేస్తున్న దొంగను కొట్టగా వాడు చనిపోతే ఇంటి యజమానికి రక్తాపరాధం లేదు. పొద్దు పొడిచిన తరువాత చంపితే అపరాధం ఉంది. చీకటిలో వచ్చినవాని ఉద్దేశం తెలియదు, పిలిస్తే పలికేవారు ఉండరు. పగలు మనిషి కనిపిస్తాడు, సాయం దొరుకుతుంది. దొంగ ప్రాణానికి కూడా దేవుడు కాపలా పెట్టాడని దీని భావం. పోయిన సొమ్ము కోసం ప్రాణం తీయడానికి అనుమతి లేదు.

శ్రీసభ బోధను రెండు భాగాలుగా గుర్తుంచుకోండి. రక్షించుకునే హక్కు ఉంది. తుపాకి కొనవలసిన విధి లేదు. ఈ రెంటినీ ఒకటిగా కలిపి చెప్పేవారిని నమ్మవద్దు. అమెరికా పీఠాధిపతులు కూడా 2000 సంవత్సరం నవంబరులో వెలువరించిన లేఖలో తుపాకుల అమ్మకాన్ని, వాడకాన్ని అదుపుచేసే చర్యలను సమర్థించారు.

4. తలుపుకు ఇవతల నిలబడినవాడు

మన భయానికి కారణం లేకపోలేదు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేతా పట్టణంలో ఒక రెస్టారెంటులో కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లపై, వారు పరాయి దేశస్థులన్న ద్వేషంతో ఒకడు కాల్పులు జరిపాడు. ఒకరు మరణించారు, ఒకరు గాయపడ్డారు. 2025 ఏప్రిల్ 3న అదే రాష్ట్రంలోని సెనెకాలో, కడప ప్రాంతంనుండి వెళ్ళి ఎన్నో ఏళ్ళుగా అక్కడి విశ్వాసులకు సేవచేస్తున్న ఫాదర్ అరుల్ కారసాల గారిని ఆయన గురునివాసం దగ్గరే కాల్చి చంపారు. ఆ వార్త విన్న రోజున మన గుండెలు బరువెక్కాయి.

ఇటువంటి వార్తలు చదివినప్పుడు మనం సహజంగా హతుని పక్షాన నిలబడి ఆలోచిస్తాం. "ఆయన చేతిలో తుపాకి ఉంటే బ్రతికేవారేమో" అంటాం. కాని ఎవరు తలుపు తట్టినా తెరవవలసిన గురువు ప్రతి అడుగు చప్పుడుకూ తుపాకి పట్టుకోలేడు. అలా పట్టుకుంటే అది గురునివాసం కాదు, కోట అవుతుంది. ఒలేతాలో ఆ దుండగుణ్ణి ఆపడానికి ముందుకు దూకి తూటా దెబ్బ తిన్నవాడు ఒక అమెరికా యువకుడు. అతని చేతిలో ఆయుధం లేదు. ఆ దేశం గురించి మన బిడ్డలకు చెప్పేటప్పుడు కాల్చినవాని సంగతి చెప్పి ఈ యువకుని సంగతి మరచిపోవడం న్యాయం కాదు.

ఇంకొక సంఘటన చూడండి. 2023 ఏప్రిల్‌లో మిస్సోరి రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో పదహారేళ్ళ నల్లజాతి బాలుడొకడు తమ్ముళ్ళను తీసుకుపోవడానికి వచ్చి, చిరునామా పొరబడి వేరొక ఇంటి గంట నొక్కాడు. ఆ ఇంటిలోని ఎనభై దాటిన వృద్ధుడు తలుపు వెనుకనుండి అతణ్ణి కాల్చాడు. దైవకృప వలన బాలుడు బ్రతికాడు. మన ఊళ్ళో చిరునామా తెలియకపోతే ఏ ఇంటి ముందరైనా నిలబడి "ఏమండీ, ఇంట్లో ఎవరున్నారు?" అని పిలుస్తాం. లోపలివారు బయటకు వచ్చి మంచినీళ్ళిచ్చి దారి చెబుతారు. ఆ తలుపు వెనుక భయమూ తుపాకీ ఒక్కచోట చేరడం వలన దారి తప్పిన పిల్లవాడు శత్రువుగా కనిపించాడు.

ఇక్కడే ఈ పాఠంలోని అసలు విషయం ఉంది. తుపాకి కొనాలా అని ఆలోచించేటప్పుడు మనమంతా ఆ బాలుని స్థానంలో మన బిడ్డను ఊహించుకుంటాం. ఆ వృద్ధుని స్థానంలో కూడా ఊహించుకోవాలి. కొత్త ఊరు, తెలియని మనుషులు, అర్ధరాత్రి చప్పుడు, చేతిలో తుపాకి: ఆ క్షణంలో నీవు ఎవరివవుతావు? దాడి ఎప్పుడో రావచ్చు, రాకనే పోవచ్చు. భయంతో జీవించే అలవాటు మాత్రం తుపాకి కొన్న రోజునుండే ఇంట్లో కాపురం పెడుతుంది. గెత్సేమని తోటలో పేతురు గారు కత్తి దూసినది ప్రభువు మీద ప్రేమతోనే. తెగినది మాత్రం ప్రధానార్చకుని సేవకుని చెవి. దానిని మాన్పినవాడు ప్రభువే. తూటా చేసిన గాయాన్ని అలా వెంటనే మాన్పే శక్తి మన చేతులలో లేదు.

5. ప్రమాదం ఎటువైపునుండి?

2023లో అమెరికాలో తుపాకి తూటాలవలన మరణించినవారు దాదాపు 46,700 మంది. వారిలో 27,300 మంది, అంటే సగానికంటే ఎక్కువమంది, తమ ప్రాణం తామే తీసుకున్నవారు. బయటినుండి వచ్చే దొంగకోసం కొన్న తుపాకి ఎక్కువగా ఇంటిలోని దుఃఖానికే దొరుకుతున్నది. ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి, అప్పు మీదపడి, భార్యాభర్తల మధ్య మాటలు నిలిచిపోయిన ఇల్లు మన తెలుగువారిలో కూడా లేకపోలేదు. అటువంటి ఇంట్లో ఒక్క చీకటి గంట గడిస్తే మనిషి మళ్ళీ లేచి నిలబడగలడు. చేతికందేటంత దూరంలో తుపాకి ఉంటే ఆ గంట గడవకపోవచ్చు.

6. ఇల్లు మారే ముందు చేయవలసినవి

మొదటిది: చట్టం తెలుసుకోండి. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై, విద్యార్థి వీసాపై ఉన్నవారు తుపాకిని గాని తూటాలను గాని కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తున్నది. వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొద్దిగా మాత్రమే ఉన్నాయి. రాష్ట్రం అనుమతించినా ఈ నిషేధం పోదు. అతిక్రమిస్తే జైలు శిక్ష, దేశంనుండి పంపివేయడం రెండూ సంభవించవచ్చు. స్నేహితులు సరదాకు పిలిచారని తుపాకి పట్టుకొని ఫోటో దిగే విద్యార్థులు ఇది గుర్తుంచుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారు తాము చేరే రాష్ట్రం నియమాలను న్యాయవాది ద్వారా తెలుసుకోవాలి.

రెండవది: పిల్లలు ఆటకు పోయే ఇంటివారిని, "మీ ఇంట్లో తుపాకి ఉందా? తాళం వేసి ఉంచారా?" అని అడగండి. అక్కడి పిల్లల వైద్యుల సంఘమే తల్లిదండ్రులకు ఈ సలహా ఇస్తున్నది. మర్యాదగా అడిగితే ఎవరూ తప్పుపట్టరు. తుపాకి కనబడితే ముట్టుకోకుండా పెద్దలకు చెప్పాలని పిల్లలకు నేర్పండి.

మూడవది: తెలియని ఇంటి ఆవరణలోనికి మన ఊరి అలవాటు చొప్పున వెళ్ళవద్దు. ఇక్కడినుండి వెళ్ళే తాతయ్యలకు, అమ్మమ్మలకు ఈ సంగతి ముందుగానే చెప్పండి.

నాలుగవది: చేరిన మొదటి ఆదివారమే అక్కడి విచారణలో పేరు నమోదు చేసుకోండి. ఇరువైపుల పొరుగువారిని పేరుపెట్టి పలకరించండి. గట్టి తాళం, గుమ్మం దగ్గర దీపం, పేరు తెలిసిన పొరుగువాడు చాలా భయాలను పోగొడతాయి.

ఐదవది: చట్టం అనుమతించి, నిజమైన అవసరముండి, భార్యాభర్తలిద్దరూ ప్రార్థనాపూర్వకంగా ఆలోచించి ఉంచుకోవాలనే నిర్ణయానికి వస్తే దానిని నేను పాపమనను. అయితే తగిన శిక్షణ పొందండి. తూటాలు తీసివేసి, తాళం వేసి, తూటాలను వేరేచోట దాచండి. ఇంట్లో తాగుడు, తీవ్రమైన కలహం, మనోవ్యాధి ఉంటే మాత్రం ఆ ఇంటికి తుపాకి తగదు.

కుటుంబంలో చర్చకు

మన ఇంట్లో భయం ఏ రూపంలో ఉంది? పిల్లలకు మనం నేర్పుతున్నది జాగ్రత్తనా, అనుమానాన్నా? దూరాన ఉన్న మన బిడ్డ దిగులుగా ఉంటే మనతో చెప్పుకునే చనువు ఉందా? ఈ మూడవ ప్రశ్నను ఈ వారమే ఫోనులో వారినే అడగండి.

ప్రార్థన: శాంతిరాజువైన యేసు ప్రభువా, పరాయి నేలమీద కాపురముంటున్న మా బిడ్డల గుమ్మానికి నీవే కావలిగా ఉండుము. వారిని ద్వేషంనుండి కాపాడుము. వారు భయానికి బానిసలై మరొకరికి హాని చేయకుండ కూడా కాపాడుము. ఆమెన్.