కడలి లేని పట్టణమున కడలి చేప

సికింద్రాబాదునకు సముద్రము మిక్కిలి దూరము. మచిలీపట్టణపు తీరమును చేరుటకు రహదారిపై మూడు వందల కిలోమీటర్లకు మించి ప్రయాణము చేయవలెను. హుస్సేను సాగరము పేరునకు సాగరమే గాని, 1562 ప్రాంతమున కట్టించిన చెరువు. ఇట్టి పట్టణమున ఒక గృహస్థుడు సముద్రపు చేపను పెంపదలచినచో, ముందుగా సముద్రమునే తయారు చేసికొనవలసియుండును.

అట్లు పెంచు చేపలలో డ్వార్ఫ్ ఏంజెల్ జాతివి చాల అందమైనవి. వీనిలో కోరల్ బ్యూటీ అని వర్తకులు పిలుచు చేపకు ముదురు నీలపు మేను, నారింజ రంగు ప్రక్కలు, వానిపై సన్నని నిలువు చారలు ఉండును. అది ఎంత పెరిగినను నాలుగంగుళములకు మించదు. మన అంగళ్ళలో విరివిగా దొరకు ఏంజెల్ చేప వేరు. అది దక్షిణ అమెరికా నదులలోని మంచినీటి జీవి. పేరు కలిసినది గదా యని దానిని ఉప్పునీటిలో విడిచినచో కొద్ది గంటలలో మరణించును. ఏలయన, మంచినీటి చేప తన దేహములోనికి చొచ్చు నీటిని వెలికి నెట్టుచుండును. సముద్రపు చేప దేహమునుండి నీరు వెలుపలికి పోవుచుండును గావున, అది నీరు త్రాగుచు, అధికమైన ఉప్పును మొప్పల ద్వారా విసర్జించును. నడిసముద్రమున నున్నను దానికి దాహము తప్పదు!

సముద్రజలములో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. 250 లీటర్ల తొట్టికి ఎనిమిదిముప్పావు కిలోలు కావలెను. వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రములో దానితోపాటు మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము మున్నగు వాని లవణములును కలవు. ఇవన్నియు చేర్చిన మిశ్రమమును కొని, క్లోరిన్ తొలగించిన నీటిలో కలుపవలెను.

ఎండకాలమున అసలు పరీక్ష వచ్చును. తొట్టిలో పది లీటర్ల నీరు ఆవిరియైనను ఉప్పు ఆవిరి కాదు. లీటరునకు 35 గ్రాములున్నది 36కు మించును. తగ్గిన మేరకు మరల ఉప్పునీరే పోయువారు చేపకు మేలు చేయుచున్నామనుకొందురు. పోయవలసినది మంచినీరు. నీరు వేడెక్కినకొలది అందు ప్రాణవాయువు తగ్గును గావున, వేడిమి 27 డిగ్రీలు దాటకుండ చూడవలెను. విద్యుత్తు పోయినపుడు బ్యాటరీతో నడచు గాలి పంపు చేప ప్రాణమును నిలుపును.

నీరు సిద్ధమైనంతమాత్రమున చేపను తేరాదు. చేప విసర్జించు అమ్మోనియా విషము. కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, మరికొన్ని నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగను మార్చును. ఇవి రాళ్ళమీద, ఇసుకలో కుదురుకొనుటకు నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఈ కాలమున తొట్టి ఖాళీగా కనబడును. ఓపిక లేనివారు ఇచ్చటనే చేపను పోగొట్టుకొందురు. రాళ్ళమీద పాచి పట్టుట కూడ అవసరమే, ఏలయన ఈ చేప పగలంతయు దానిని కొరుకుచు తిరుగును. దాగుటకు సందులు కావలెను. పగడపు జీవులను మాత్రము ఉంచరాదు. వానికి 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ కలదు.

ఈ జాతిలో ప్రతి చేపయు మొదట ఆడదే. గుంపులో పెద్దది మగదిగా మారును. అది చనిపోయినచో మిగిలినవానిలో పెద్దది ఆ స్థానమును పొందును. పిల్లల మొదటి ఆహారము కంటికి కానరానంత చిన్నది. అందువలన వీనిని తొట్టెలలో పుట్టించి పెంచుట బహు కష్టము. అంగడిలోని చేపలలో చాల భాగము పగడపు దిబ్బలనుండి పట్టి తెచ్చినవే. ఫిలిప్పీన్సు, ఇండోనేషియా తీరములలో కొందరు సైనైడు చల్లి వానిని మైకపరచి పట్టుచుండిరి. అట్టి చేప చూపునకు ఆరోగ్యముగ నుండి, కొన్ని వారములకు చచ్చును. కావున కొనువాడు అంగడివానిచే మేత వేయించి, చేప తినుట కన్నులార చూచిన పిమ్మటనే డబ్బు చెల్లించవలెను.

దీని చెక్కిలికి ముల్లు కలదు. వల వేసినచో అది చిక్కుకొనును. గిన్నెతో ముంచి తీయుట మంచిది. ఇంటికి తెచ్చిన సంచిని తొట్టి నీటిపై తేలనిచ్చి, గంటసేపు కొద్దికొద్దిగా ఆ నీటిని సంచిలో కలుపుచు, పిదప దీపములార్పి చేపను విడువవలెను. రెండు మూడు దినములు అది రాతి సందులో దాగి, మేత ముట్టకపోవచ్చును. అంతమాత్రమున రాళ్ళు కదలించి వెదకరాదు.