తిరుణాళ్లకు వంటచెరకు: తోటకు చేటు రాకుండ జాగ్రత్తలు



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములలో ఫాల్గుణ మాసమున కదిరి నరసింహస్వామి తిరుణాళ్లకు, ఇతర దినములలో ఊరి దేవరలకు ఇంటిల్లిపాది కదలి పోవుట వాడుక. గొర్రెల కాపరులు మందను తోలుకొని పరాయి పొలములలో రాత్రులు గడుపుదురు. అట్టి చోట్ల వంటకు పలువురు ఇంటి కట్టెలనే బండిలోనో, ట్రాక్టరులోనో వేసికొని పోవుదురు. ఇది ఖర్చు లేని పనిగా తోచును. కాని కట్టెలతో పాటు పురుగులు కూడ ప్రయాణము చేయును.

కట్టెలో ఏమి దాగియుండును?

మామిడి కాండము తొలుచు పురుగు మ్రానులో సొరంగములు చేసి కొమ్మలను ఎండగొట్టును. రంధ్రముల నుండి రంపపు పొట్టు వంటి పొడి రాలును. కొమ్మను నరికినను లోపలి పురుగు చావదు. కట్టెలోనే పెరిగి, పెంకుపురుగై వెలుపలికి వచ్చును. ఇది మల్బరీని కూడ ఆశించును. మల్బరీ కత్తిరింపు పుల్లలను అంటియుండు పిండినల్లి, చిగుళ్లు ముడుచుకొనిపోవు తుక్ర తెగులును కలిగించును. పట్టుపురుగులకు ఆకు తగ్గినచో గూళ్ల దిగుబడి తగ్గును.

అమెరికాలో మిచిగన్ రాష్ట్రమున 2002లో ఆసియా నుండి వచ్చిన ఒక పచ్చని పెంకుపురుగును కనుగొనిరి. విహారమునకు పోవువారు తీసికొనిపోయిన వంటచెరకుతో అది దూర ప్రాంతములకు చేరి, కోట్లాది యాష్ చెట్లను చంపినది. కట్టెలను కాల్చుచోటనే కొనుడని అచటి ప్రజలకు నేడు బోధించుచున్నారు.

మనము చేయవలసినది

1. మామిడి, మల్బరీ కట్టెలను ఊరు దాటించవద్దు. పెంకుపురుగులు ఎక్కువగా తొలకరిలో వెలువడును గనుక, వానలకు ముందే వాటిని ఇంటి పొయ్యిలో కాల్చివేయవలెను.

2. పోయిన చోట సర్కారు తుమ్మ, అనగా కంపచెట్టు కట్టెలు కొనుడు. 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిన ఈ చెట్టు నేడు బీళ్లన్నిట నిండియున్నది. నరికినను మరల చిగిర్చును, నిప్పు బాగుగా నిలుచును. విత్తనములు వ్యాపింపకుండ కాయలను దులిపివేయుడు.

3. ఎండిన కట్టెనే కొనుడు. పచ్చి కట్టె బరువులో సగము వరకు నీరే ఉండవచ్చును. అట్టి కట్టె 20 కిలోలు కొన్నచో సుమారు 10 కిలోల నీటికి వెల ఇచ్చినట్లే, పైగా పొగ. ఎండిన కట్టె కొనలు పగిలియుండును, బెరడు సులువుగా ఊడును, రెండు కట్టెలు తట్టినచో గణగణమనును.

4. మిగిలిన కట్టెలను తిరిగి ఇంటికి తేవద్దు. అచటనే కాల్చుడు, లేదా అచటి వారికి ఇచ్చిరండు.

5. ఎండకాలమున కొండలపై బోద ఎండియుండును. నిప్పుపై నీరు పోసి, కలియబెట్టి, మన్ను కప్పి, చల్లారినదని తెలిసికొనిన పిదపనే కదలుడు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టుట 1967 నాటి అటవీ చట్టము ప్రకారము నేరము.

మామిడి చెట్టు కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. దానిని చంపు పురుగు ఒక్క మోపు కట్టెలలో రాగలదు. కావున ఈసారి తిరుణాళ్లకు బియ్యము, బేడలు మూట కట్టుకొనుడు. కట్టెలు మాత్రము అచటనే కొనుడు.