ఫలితాల రోజు సైటు మొరాయిస్తే: ఇంటిల్లిపాదికీ చిట్కాలు

2025 ఏప్రిల్ 22న తెలంగాణ ఇంటర్ ఫలితాల కోసం ఎదురుచూసినవాళ్లు రెండు సంవత్సరాలూ కలిపి తొమ్మిది లక్షల పైమాటే. జఫర్‌గఢ్‌లో ఒక పిల్ల పరీక్ష రాస్తే ఇంట్లో నాలుగు ఫోన్లు అదే హాల్‌టికెట్ నంబరు కొడతాయి. ఇంత తాకిడిని సర్వర్లకు పంచేదే లోడ్ బ్యాలెన్సర్.

1. రీలోడ్ కొట్టేముందు తెర చదవండి. 502, 503, 504 కనిపిస్తే మీ సిగ్నల్‌కేం ఢోకా లేదు. సైటు దాకా వెళ్లారు, అవతలి సర్వరే చేతులెత్తేసింది. 504 అంటే లోడ్ బ్యాలెన్సర్ జవాబు కోసం చూసి చూసి విసిగింది. అంకె లేకుండా గుండ్రంగా తిరుగుతూనే ఉంటే, వేరే సైటు ఏదైనా తెరిచి మీ నెట్ చూసుకోండి.

2. లోడ్ బ్యాలెన్సర్ చేసే పంపకం రెండు రకాలు. నెట్‌వర్క్ స్థాయిలో పంచేది కవరు చింపని పోస్ట్‌మన్: ఐపీ అడ్రస్, పోర్టు నంబరు చూసి పంపేస్తుంది, అందుకే చురుకు. లైనక్స్‌లో ఎల్‌వీఎస్ అనే లోడ్ బ్యాలెన్సర్ 1998 నుంచీ చేస్తున్నది ఇదే. అప్లికేషన్ స్థాయిలోది కవరు విప్పి ఏ పేజీ అడిగారో, ఏ కుకీ తెచ్చారో చదివి పంపుతుంది. ఎన్‌క్రిప్షన్ విప్పాలి గనక దానికి చాకిరీ ఎక్కువ. పెద్ద సైట్లు రెండింటినీ ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటాయి.

3. మొబైల్ కంపెనీలు ఎన్నో ఫోన్లను ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంచుతాయి. సైటు ఐపీని బట్టి పంచితే వాళ్లందరూ ఒకే సర్వరు మీద పడతారు. మనకు తెరుచుకోనిది వరంగల్‌లో మేనమామకు టక్కున తెరుచుకోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. నంబరు ఆయనకు చెప్పండి, లేదా వేరే సిమ్‌తో చూడండి.

4. రీకౌంటింగ్‌కు దరఖాస్తు చేసేటప్పుడు మాత్రం ఈ సిమ్ మార్పిడి వద్దు. వైఫై నుంచి మొబైల్ డేటాకు దూకితే ఐపీ మారుతుంది, ఐపీని బట్టి పంచే సైటైతే మిమ్మల్ని ఎరగని సర్వరు దగ్గర తేలవచ్చు, సెషన్ అయిపోయిందనొచ్చు. కుకీని బట్టి గుర్తుపట్టే సైటైతే ఇబ్బంది ఉండదు. కానీ ఏ రకమో మామూలుగా చూసేవాళ్లకు తెలియదు.

5. దరఖాస్తు మధ్యలో కుకీలు తుడిచేయొద్దు: సైటు మిమ్మల్ని వాటితోనే గుర్తుపడుతుండొచ్చు.

6. పదేపదే రీలోడ్ కొడితే పాత అభ్యర్థన లోపల నడుస్తుండగానే కొత్తది చేరుతుంది. వరుస పెంచేది మనమే. ఒక నిమిషం ఆగండి. ఫీజు కట్టే పేజీ ఆగిపోతే అసలే ముట్టుకోకండి: బ్యాంకు ఎస్ఎంఎస్ వచ్చిందేమో చూసి, లావాదేవీ నంబరు రాసుకున్నాకే మళ్లీ లాగిన్ అవ్వండి.